వీధిలోంచి రైలు... సరిహద్దు దాటి జీతం!

మార్కెట్ సెంటర్‌లో సిగ్నల్ పడింది. కార్లు ఆగాయి, బైకులు ఆగాయి. ఆర్టీసీ బస్సు వస్తుందేమో అనుకుంటే, దాని బదులు ఎర్రటి రైలు మెల్లగా రోడ్డు మీదకొచ్చింది. గేటు లేదు, ప్లాట్‌ఫామ్ లేదు. ఒకపక్క అయిదు వందల ఏళ్ల నాటి చర్చి, ఇంకోపక్క కాఫీ షాపు, మధ్యలోంచి రైలు. అది వెళ్లిపోగానే మళ్లీ మామూలే, ఎవరి పని వాళ్లది.

ఇన్‌స్టాలో ఈ రీల్ చాలామంది చూసే ఉంటారు. కింద ఎవరో 'స్విట్జర్లాండ్ లవ్' అని కామెంట్ పెట్టి ఉంటారు. కానీ అది స్విట్జర్లాండ్ కాదు, ఇటలీ. రైలు మాత్రం స్విస్ వాళ్లదే. ఊరి పేరు తిరానో. (గూగుల్‌లో కొట్టేటప్పుడు జాగ్రత్త, ఒక్క అక్షరం మారితే అల్బేనియా రాజధాని తిరానాకి తీసుకెళ్తుంది!)

జనాభా సుమారు 9 వేలు. మన లెక్కలో ఒక పెద్ద పంచాయతీ అంతే. అయినా ఒక యునెస్కో రైలు, ఒక పెద్ద పుణ్యక్షేత్రం, కొండకి వేలాడే ద్రాక్షతోటలు, దొంగ కాఫీ కథలు అన్నీ ఈ ఊళ్లోనే ఉన్నాయి. వీటన్నిటి మధ్యలోంచి ఒక సరిహద్దు గీత పోతోంది. అటు ఇటాలియన్, ఇటూ ఇటాలియనే. మారేది జీతం.

ఎక్కడుందీ ఊరు?

ఇటలీ ఉత్తరాన లొంబార్డీ రాష్ట్రం, సోండ్రియో జిల్లా. ఆల్ప్స్ కొండల మధ్య తూర్పు నుంచి పడమరకి సాగే పొడవాటి లోయ వాల్తెల్లీనా. అడుగున అద్దా నది పారుతుంది. ఆ నదిలో స్విట్జర్లాండ్ వైపు నుంచి వచ్చే పోస్కియావినో అనే చిన్న ఏరు కలిసే చోట తిరానో ఉంది. మిలాన్‌లో రైలెక్కితే కోమో సరస్సు ఒడ్డు పట్టుకుని రెండున్నర గంటల్లో ఇక్కడికి వచ్చేయొచ్చు. ఆ పట్టాలు ఇక్కడితో ఆఖరు.

స్టేషన్ బయట చౌరస్తా పేరే 'స్టేషన్ల చౌరస్తా'. బహువచనం ఊరికే పెట్టలేదు. నిజంగానే అక్కడ పక్కపక్కనే రెండు స్టేషన్లున్నాయి. ఒకటి ఇటలీ రైల్వేది, ఇంకోటి స్విట్జర్లాండ్‌కి చెందిన రేషియన్ రైల్వేది. ఒకదాంట్లో దిగి నాలుగడుగులు వేస్తే ఇంకోదాంట్లో ఎక్కొచ్చు. 2008 డిసెంబర్‌లో స్విట్జర్లాండ్ షెంజెన్‌లో చేరింది కాబట్టి పాస్‌పోర్ట్ క్యూలు పెద్దగా ఉండవు. కానీ స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు. అందుకే మనుషులు సులువుగా దాటినా సరుకుకి కస్టమ్స్ లెక్క మాత్రం అలాగే ఉంది. స్విస్ చెక్‌పోస్టు ఊరికి మూడు కిలోమీటర్ల దూరం కూడా ఉండదు.

గీత ఎలా పడింది?

కొండలు అడ్డొచ్చో, భాష మారిందనో ఇక్కడ సరిహద్దు రాలేదు. సరిహద్దు దాటి వెళ్తే వచ్చే పోస్కియావో లోయలో మాట్లాడేదీ ఇటాలియనే. ఇంట్లో మాట్లాడుకునే యాస కూడా లొంబార్డ్ కుటుంబంలోదే. ఆ లోయ ఉన్న గ్రిజోనీ రాష్ట్రంలో జర్మన్, రొమాన్ష్, ఇటాలియన్ మూడూ అధికార భాషలే. స్విట్జర్లాండ్ మొత్తంలో మూడు భాషల రాష్ట్రం అదొక్కటే.

నిజానికి ఒకప్పుడు ఈ రెండు లోయలూ ఒకే పాలన కింద ఉండేవి. 1512లో గ్రిజోనీ కూటమి వాల్తెల్లీనాని పట్టుకుంది. అప్పటినుంచి దాదాపు మూడు శతాబ్దాలు పెత్తనం ఉత్తరం వాళ్లదే. గొడవ మతం దగ్గర మొదలైంది. పాలించేవాళ్లలో చాలామంది ప్రొటెస్టెంట్లు, లోయలో జనం క్యాథలిక్కులు. 1620 జులైలో ఒక రాత్రి తిరానోలో మొదలైన ఊచకోత లోయంతా పాకింది. సుమారు 600 మంది ప్రొటెస్టెంట్లని చంపేశారు. చరిత్ర పుస్తకాల్లో దాని పేరు 'పవిత్ర వధ'. పేరు వింటేనే ఒళ్లు జలదరిస్తుంది కదా? ఆ తర్వాత స్పెయిన్, ఫ్రాన్స్, ఆస్ట్రియా సైన్యాలన్నీ ఈ లోయ కోసం కొట్టుకున్నాయి. మిలాన్ నుంచి ఆస్ట్రియాకి సైన్యాన్ని నడిపించాలంటే దగ్గరి దారి ఇదే మరి.

చివరికి 1797లో నెపోలియన్ వచ్చి వాల్తెల్లీనాని గ్రిజోనీ నుంచి విడదీసి ఇటలీ వైపు కలిపేశాడు. పోస్కియావో మాత్రం అటే ఉండిపోయింది. అన్నదమ్ముల పంపకంలో పొలం మధ్యన గట్టు వేసినట్టు గీత పడింది. రెండు వందల ఏళ్లు దాటినా ఆ గట్టు అక్కడే ఉంది.

ఊరికి పెద్ద దిక్కు మాత్రం వీటన్నిటికంటే పాతది. 1504 సెప్టెంబర్ 29న మరియమాత ఇక్కడ ఒక స్థానికుడికి కనిపించిందని భక్తుల నమ్మకం. మరుసటి ఏడే గుడి కట్టడం మొదలుపెట్టారు. రీల్‌లో రైలు పక్కన కనిపించే 'మదొన్నా ది తిరానో' బసిలికా అదే. లోపల చెక్కతో చెక్కిన భారీ ఆర్గాన్‌ని చూడ్డానికే వచ్చేవాళ్లున్నారు.

ఇంజినీర్లకి పండగ

నేను చదివింది ఇంజినీరింగ్ కాబట్టి ఈ రైలు గురించి నాలుగు మాటలు ఎక్కువే చెప్తాను, భరించండి.

తిరానో స్టేషన్ ఎత్తు 429 మీటర్లు. ఇక్కడ బయల్దేరిన రైలు 40 కిలోమీటర్ల లోపే 2,253 మీటర్ల ఎత్తున్న ఓస్పిత్సియో బెర్నినా స్టేషన్‌కి చేరుతుంది. అంటే 1,824 మీటర్లు పైకి ఎక్కాలి. ఇలాంటి చోట మామూలుగా పట్టాల మధ్య పళ్లచక్రం పెడతారు. ఊటీ రైలుకి మెట్టుపాళయం తర్వాత ఉండేది అదే. ఇక్కడ అది లేదు. ఇనుప చక్రం, ఇనుప పట్టా, వాటి మధ్య రాపిడి. అంతే. ప్రతి వెయ్యి మీటర్లకి 70 మీటర్లు ఎక్కేంత వాలు కూడా ఆ రాపిడితోనే ఎక్కేస్తుంది.

బ్రూసియో అనే ఊరి దగ్గర లోయ ఒక్కసారిగా ఎత్తు పెరుగుతుంది. నేరుగా ఎక్కితే వాలు 70 దాటిపోతుంది. దానికి అప్పటివాళ్లు వేసిన ఉపాయం చాలా సింపుల్: దూరం పెంచేశారు. మైదానంలో 110 మీటర్ల పొడవున, తొమ్మిది కమానులతో గుండ్రంగా ఒక రాతి వంతెన కట్టారు. రైలు చుట్టు తిరుగుతూ పైకెక్కి, ఇందాక తను వచ్చిన పట్టాల మీదుగానే దాటుకుని వెళ్తుంది. కిటికీలోంచి చూస్తే మన రైలు తోకే మనకి కనిపిస్తుంది.

తిరానో నుంచి పోస్కియావో దాకా లైను 1908లో తెరిచారు. కొండ దాటి సెయింట్ మోరిట్జ్ దాకా పూర్తయింది 1910లో. మొత్తం 61 కిలోమీటర్లు, 13 సొరంగాలు, 52 వంతెనలు. ఇంకో విశేషం, దీంట్లో బొగ్గు ఇంజన్ల కాలమే లేదు. మొదటి రోజు నుంచీ కరెంటే. సరిహద్దు పక్కనే కాంపోకొలోన్యోలో అప్పటికే పెద్ద జలవిద్యుత్ కేంద్రం వచ్చింది. కొండ నీళ్లతో పుట్టిన కరెంటుని ఇటలీ ఫ్యాక్టరీలకి అమ్మారు, రైలుకీ వాడారు.

2008 జులైలో యునెస్కో ఈ లైనుని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మన కాల్కా-సిమ్లా రైలుకి ఆ గౌరవం దక్కింది కూడా ఆ సమావేశాల్లోనే. రెండు కొండ రైళ్లూ ఒకే బ్యాచ్ అన్నమాట.

2,500 కిలోమీటర్ల గోడ

రైల్లో వచ్చేవాళ్లు ఫోన్ కెమెరా అంతా మంచుకొండల వైపే తిప్పుతారు. కానీ తిరానో అసలు కథ పడమర వైపు, నది ఉత్తరపు ఒడ్డున ఉన్న కొండవాలులో ఉంది.

ఆ వాలు దక్షిణానికి తిరిగి ఉంటుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండ. వెనకాల ఎత్తైన కొండలు ఉత్తరపు చలిగాలిని ఆపేస్తాయి. ద్రాక్షకి ఇంతకంటే ఏం కావాలి? ఒక్కటే తక్కువ: మట్టి. అక్కడున్నది నిటారు రాయి. అందుకని తరతరాల రైతులు ఆ రాయినే పగలగొట్టి, సున్నం సిమెంట్ ఏదీ లేకుండా ఒకదాని మీద ఒకటి పేర్చి గోడలు కట్టారు. కింద నుంచి బుట్టల్లో మట్టి మోసుకొచ్చి గోడ వెనక నింపారు. అలా మెట్టు మీద మెట్టు. లోయలో ఈ గోడలన్నిటినీ ఒకే వరసలో పెడితే సుమారు 2,500 కిలోమీటర్లు వస్తాయని అంచనా. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి రోడ్డు మీద వెళ్లి, అక్కడి నుంచి సగానికి పైగా దారి వెనక్కి వచ్చినంత దూరం.

ఈ రాతి గోడ పగలంతా ఎండని తాగి, రాత్రి ఆ వేడిని తీగకి ఇస్తుంది. రాళ్ల సందుల్లోంచి వాన నీరు దిగిపోతుంది. ఏ సెన్సరూ లేని క్లైమేట్ కంట్రోల్! ఇలా రాతిగోడలు పేర్చే కళని 2018లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. ఇటలీ, స్విట్జర్లాండ్‌తో కలిపి మొత్తం ఎనిమిది దేశాల పేరు మీద.

ఇక్కడ పండేది నెబ్బియోలో అనే నల్లద్రాక్ష. స్థానికులు కియావెన్నాస్కా అంటారు. దాంతో చేసే వైన్లలో రాజు 'స్ఫోర్జాతో'. కోసిన గుత్తుల్ని వెంటనే పిండరు. గాలి తగిలే గదుల్లో పరిచి, శీతాకాలం వచ్చేదాకా ఆరబెడతారు. నీరు తగ్గి తీపి చిక్కబడ్డాక అప్పుడు పిండుతారు. ఆ తర్వాత కనీసం 20 నెలలు ఆగాలి. 2003లో దీనికి ఇటలీ వైన్లలో అత్యున్నత హోదా వచ్చింది. లియొనార్డో డావిన్చీ కూడా తన నోట్సులో ఈ లోయనీ, ఇక్కడి ఘాటైన వైన్‌నీ ప్రస్తావించాడు.

సరిహద్దు ఇక్కడ కూడా తగుల్తుంది. గ్రిజోనీ పాలకుల కాలంలో ఈ వైన్ పీపాలు గుర్రాల మీద బెర్నినా కనుమ దాటి ఉత్తరానికి వెళ్లేవి. పాలన పోయింది కానీ అలవాటు పోలేదు. ఇప్పటికీ ఆ రాష్ట్రంలో వాల్తెల్లీనా వైన్ అంటే ఇంటి వైన్ లెక్క. పోస్కియావో కుటుంబాలు కొన్ని ఇటలీ వైపు ద్రాక్షతోటల్ని తరాలుగా నడుపుతున్నాయి.

కాఫీ మూటలు, జనపనార బూట్లు

ఒకే లోయలో రెండు పన్నులుంటే ఏమవుతుంది? స్మగ్లింగ్ అవుతుంది.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఇటలీలో కాఫీ, సిగరెట్ల మీద పన్నులు భారీగా ఉండేవి. స్విస్ వైపు చౌక. దాంతో ఊళ్లో కుర్రాళ్లు రాత్రిపూట కొండదారులు పట్టేవాళ్లు. వీపున దాదాపు 30 కిలోల గోనెమూట. దాన్ని 'బ్రికొల్లా' అనేవాళ్లు. మోసేవాళ్లని 'స్పల్లోని' అంటే భుజాలవాళ్లు. నడక చప్పుడు ఇటలీ పన్ను పోలీసులకి వినపడకుండా బూట్లకి గోనెపట్టా చుట్టుకునేవాళ్లు. మంచుచరియల కింద పడి పోయినవాళ్లున్నారు.

తమాషా ఏంటంటే, స్విస్ వైపు ఇది నేరమే కాదు! సరుకు బయటికి వెళ్తే వాళ్లకి నష్టం లేదు కాబట్టి దీనికి 'ఎగుమతి నంబర్ రెండు' అని పేరు పెట్టి లెక్క కూడా రాసుకున్నారు. బ్రూసియో, కాంపోకొలోన్యోల్లో కాఫీ వేయించే దుకాణాలు వరసగా వెలిశాయి. 1970ల్లో ధరల తేడా తగ్గాక మూటల కాలం ముగిసింది.

పొద్దున అటు, సాయంత్రం ఇటు

మూటలు ఆగాయి కానీ జనం దాటడం ఆగలేదు. ఇప్పుడు వాళ్లు పగలే దాటుతున్నారు, చేతిలో పర్మిట్‌తో. వీళ్లని 'ఫ్రొంతాలియేరి' అంటారు. ఇల్లు ఇటలీలో, ఉద్యోగం స్విట్జర్లాండ్‌లో. తాపీ పని, హోటల్ పని, నర్సు ఉద్యోగం, ఆఫీసు ఉద్యోగం అన్నీ ఉంటాయి. జీతం ఫ్రాంకుల్లో, ఖర్చు యూరోల్లో.

మన భాషలో చెప్పాలంటే రోజూ ఇంటికొచ్చి అమ్మ చేతి అన్నం తినే ఆన్‌సైట్. వినడానికి కలలా ఉంటుంది. అదే పనికి అటువైపు జీతం ఎంతో ఎక్కువ. మరి ఇటువైపు ఎవరుంటారు? లోయలోని ఆసుపత్రులకి నర్సులు దొరకడం కష్టమైపోయింది. వర్క్‌షాపుల్లో పని నేర్చుకున్న కుర్రాళ్లు రెండేళ్లకే సరిహద్దు దాటుతున్నారు. ఒక్కొక్కరినీ విడిగా చూస్తే తప్పేం లేదు. ఆ ఆఫర్ లెటర్ వస్తే మనం మాత్రం వద్దంటామా? అందరినీ కలిపి చూస్తేనే ఊరు ఖాళీ అవుతున్నట్టు కనిపిస్తుంది.

ఈమధ్య లెక్క మారింది. 1974 నాటి ఒప్పందం ప్రకారం వీళ్లు పన్ను స్విట్జర్లాండ్‌కే కట్టేవాళ్లు. అందులో ఒక వాటా తిరిగి ఇటలీ సరిహద్దు ఊళ్లకి వచ్చేది. రోడ్లకీ, బడులకీ ఆ డబ్బు పెద్ద ఆధారం. 2020 డిసెంబర్‌లో రెండు దేశాలూ కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టాయి. 2024 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. పాతవాళ్లకి పాత పద్ధతే. కొత్తగా చేరేవాళ్లకి మాత్రం స్విట్జర్లాండ్ తన పన్నులో 80 శాతం దాకా తీసుకుంటుంది. ఆ పైన ఇటలీ కూడా తన లెక్క వేస్తుంది, అక్కడ కట్టింది మినహాయించి. అంటే పక్కపక్క సీట్లలో అదే పని చేసే ఇద్దరికి, ఒకరు ముందు చేరారు ఒకరు తర్వాత చేరారు అన్నదాన్ని బట్టి చేతికొచ్చే జీతం వేరు. ఊళ్లకి వచ్చే పన్ను వాటా కూడా 2033 వరకే. ఆ తర్వాత ఏంటన్నది సరిహద్దు ఊళ్లన్నిటికీ ఉన్న ప్రశ్న.

ప్లేట్లో ఒంగోలు!

కాసేపు తిండి మాట. ఇక్కడ ఫేమస్ 'పిత్సోక్కెరి'. బక్‌వీట్ పిండితో చేసిన గోధుమరంగు పాస్తా, క్యాబేజీ, బంగాళాదుంప, ఊరి చీజ్, పైన వెల్లుల్లి వేసి మరిగించిన వెన్న. చలి ఊరి భోజనం, తిన్నాక నిద్ర ఖాయం. శాకాహారులకి ఇదే దిక్కు. ఇంకోటి 'షాత్', లోపల చీజ్ కరిగే బక్‌వీట్ బజ్జీ. స్థానిక యాసలో ఆ మాటకి అర్థం కప్ప! ఆకారం చూసి పెట్టిన పేరు.

మూడోది 'బ్రెజావోలా', ఉప్పు పట్టించి గాలికి ఆరబెట్టిన గొడ్డు మాంసం. ఇక్కడే మనకో ఆశ్చర్యం. పెద్ద ఫ్యాక్టరీలు వాడే మాంసంలో బ్రెజిల్ నుంచి వచ్చే మూపురం పశువులది చాలా ఉంటుంది. బ్రెజిల్‌లో ఎక్కువగా పెంచే ఆ జాతి పేరు 'నెలోర్'. అవును, మన నెల్లూరే. ఒంగోలు జాతి పశువులు అక్కడికి వెళ్లి ఆ పేరుతో స్థిరపడ్డాయి. ఒంగోలు గిత్తల వారసులు బ్రెజిల్ మీదుగా ఆల్ప్స్ ప్లేట్లోకి చేరాయన్నమాట.

వెళ్లాలనుకుంటే...

స్విట్జర్లాండ్ టూర్‌కి వెళ్లే మనవాళ్లలో చాలామంది తిరానోలో దిగుతారు, గంటసేపు ఫొటోలు తీసుకుని తిరుగు రైలెక్కేస్తారు. స్విస్ ట్రావెల్ పాస్ తిరానో దాకా చెల్లుతుంది. పెద్ద అద్దాలున్న బెర్నినా ఎక్స్‌ప్రెస్‌కి మాత్రం సీటు రిజర్వేషన్ డబ్బు అదనంగా కట్టాలి. అదే పట్టాల మీద మామూలు లోకల్ రైళ్లూ నడుస్తాయి. వాటికి రిజర్వేషన్ అక్కర్లేదు. వీలైతే ఒక రాత్రి ఉండండి. భోజనం ఖర్చు కూడా స్విస్ వైపు కంటే తక్కువే.

పొద్దున్నే లేచి ద్రాక్ష మెట్ల వైపు నడవండి. రీల్స్‌లో కనిపించనిది అక్కడే ఉంది. దగ్గరికెళ్తే కొన్ని గోడలు గర్భిణి పొట్టలా ముందుకి ఉబ్బి కనిపిస్తాయి. కొన్ని చోట్ల రాళ్లు జారి కింద మెట్టు మీద పడి ఉంటాయి. తీగలున్న చోట ముళ్లపొదలు.

ఎందుకంటే ఈ వాలులో ట్రాక్టర్ ఎక్కదు. ఒక్క హెక్టారుకి ఏడాదికి వెయ్యి గంటలకి పైగా మనిషి చేతి పనే కావాలి. కొన్ని తోటల్లో కోసిన పండుని హెలికాప్టర్‌తో దించుతారు. ఇటలీలో దీన్ని 'వీరోచిత ద్రాక్షసాగు' అంటారు. పేరు బానే ఉంది. కానీ వీరుల వయసు పెరిగిపోతోంది, వాళ్ల పిల్లలు పొద్దున్నే స్విస్ వైపు బండి తిప్పుతున్నారు.

గోడని వదిలేస్తే వైన్ ఒక్కటే పోదు. పొదల వేళ్లు రాళ్లని తోస్తాయి, నీరు దిగే సందులు మూసుకుపోతాయి. పెద్ద వాన పడితే కొండ మెట్లు మెట్లుగా కిందికి వస్తుంది. 1983 మే నెలలో తిరానోకి పది కిలోమీటర్ల దూరంలోని త్రెజెందాలో ద్రాక్షవాలు జారి ఇళ్ల మీద పడింది. పదిమందికి పైగా చనిపోయారు. అంటే ఆ గోడలు ద్రాక్షనే కాదు, కింద ఉన్న ఊళ్లని కూడా మోస్తున్నాయి.

ఆశ లేదని కాదు. గోడ పేర్చడం నేర్పే కోర్సులు పెడుతున్నారు. సరిహద్దు ఉద్యోగం చేస్తూనే శని, ఆదివారాలు తాత తోటలో పనిచేసేవాళ్లున్నారు. స్విస్ జీతంతో ఇటలీ గోడని నిలబెడుతున్నారన్నమాట. లెక్క చూస్తే లాభం లేని పనే. అయినా రాయి జారిన చోట మళ్లీ రాయి పెడుతున్నారు.

ఈసారి ఆ రైలు రీల్ మీ ఫీడ్‌లోకి వస్తే ఒక్కసారి పాజ్ చేయండి. రైలుని కాదు, వెనకాల కొండ మీద సన్నగా కనిపించే ఆ గీతల్ని చూడండి. అవి ఒక్కొక్క రాయీ చేత్తో పేర్చినవి.